బోర్డు మీద మెరుపు

నాచారంలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నతానియేలు పందొమ్మిదేళ్లుగా ఎలక్ట్రీషియన్. పెద్ద లెక్చర్ హాలుకు కొత్త లైటింగ్ పెడతారని తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది అతనే. ఆదివారం చర్చి అయ్యాక కాలేజీకి వచ్చి, హాల్లో ఒక్కో వరుసలో కూర్చుని, బోర్డు ఎక్కడ మెరుస్తోందో, నోట్సు మీద నీడ ఎక్కడ పడుతోందో కాగితం మీద గీసుకున్నాడు.

డిజైనర్ తేజేష్ ఆ కాగితాన్ని చూసీ చూడనట్టు చూసి తిరిగిచ్చేశాడు.

"అన్నా, కంప్యూటర్‌ల అన్ని లెక్కలు అయిపోయినయ్."

"అయినయేమో సార్. గానీ బోర్డు ముంగటి లైట్లను జర గోడ దగ్గరికి జరుపుండ్రి. లేకుంటే వైట్‌బోర్డు అద్దం లెక్క మెరుస్తది."

"గోడకు ఆనిస్తే స్టేజి ఫోటోలల్ల బాగ రాదన్నా."

నెల తిరిగేసరికి లైట్లు వెలిగాయి, ఫోటోలూ బాగా వచ్చాయి. మర్నాడు లెక్కలు చెప్పే దుర్గాభవాని బోర్డు నిండా రాసి వెనక్కి తిరిగితే, పిల్లలు మెడలు అటూ ఇటూ వంచి చూస్తున్నారు. మెరుపులో అక్షరాలు కనబడడం లేదట. లైట్లు ఆర్పిస్తే బోర్డు కనబడింది గానీ నోట్సు కనబడలేదు.

ఆమె ఫిర్యాదు రాసింది. మూడు రోజులు తిరిగి తిరిగి ఆ కాగితం నతానియేలు దగ్గరికే వచ్చింది. మీద "వెంటనే సరిచేయగలరు" అని ఉంది. అతను ఆఫీసు మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"లైట్లు జరపాల్సిందే సార్."

"గ్యారంటీ గడువు అయిపోయేదాకా వాటిని ముట్టుకోవద్దు."

"మరి నేనేం జెయ్యాలె?"

"ఏదో ఒకటి చెయ్యి."

ఆ మాటకు అతనికి ఒళ్లు మండింది. ఇంట్లో భార్య ఎస్తేర్, "నువ్వు జెప్పినవ్, వాళ్లు ఇనలే. ఇంక నీకెందుకు ఫికరు?" అంది.

"పిల్లలేం పాపం జేసిన్రు?" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

తెల్లారి బోర్డు స్క్రూలు వదులు చేసి, పైఅంచు వెనక చెక్కముక్కలు దూర్చి, బోర్డును ముందుకు వంచాడు. దుర్గాభవాని ఏదో రాసి, మెట్లెక్కి ఒక్కో వరుసలో కూర్చుని చూసింది. మూడో వరుస నుంచి పైకి అంతా కనబడుతోంది. మెరుపు మొదటి రెండు వరుసల మీదికి దిగింది.

"ముందు బెంచీలు ఖాళీగా ఉంచుతాలే. చాలా మేలు చేశావు నతానియేలూ."

"ఏం మేలు మేడం! నాల్గు లైట్లు జరిపితే ఒక్క పూటల అయ్యే పని."

ఫిర్యాదు పరిష్కారమైందని సంతకం పెట్టమని మేనేజరు రెండుసార్లు మనిషిని పంపాడు.

"కానిదాన్ని అయిందని ఎట్ల రాయాలె?" అని నతానియేలు ఆ కాగితాన్ని ఖాళీగానే తిప్పి పంపాడు.