ఆరు మీద ముల్లు

పంపుహౌసులో పనిచేసే ఆయన్ని చుట్టుపక్కల వాళ్లంతా పంపు బాబాయ్ అనేవారు. పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలో ఆయనకు తోడు ఒక పంపు, ఒక వాల్వు, ఆ రెంటికీ మధ్య గొట్టానికి బిగించిన ప్రెషర్ మీటరు. పనిలో చేరిన రోజే పాత ఆపరేటరు ఆయన చెవిన ఒక మాట వేశాడు. ఇంజనీరు వచ్చే పూట వాల్వు నాలుగు చుట్లు బిగిస్తే చాలు, ముల్లు ఆరు మీదికి ఎక్కుతుంది, ఆయన రిజిస్టరులో బాగుందని రాసుకుని పోతాడు.

ముల్లు ఎక్కే మాట నిజమే. దారి ఇరుకైతే పంపు దగ్గర ఒత్తిడి పెరుగుతుంది, ముందుకు పోయే నీళ్లు తగ్గుతాయి. బాబాయ్ నెలకోసారి బిగించేవాడు, ఇంజనీరు బండి మలుపు తిరగగానే విప్పేవాడు. ఆ కాసేపూ మెరక వీధి కుళాయిలు గాలి ఊదేవి. ఎవరూ పట్టించుకోలేదు.

కొత్తగా వచ్చిన ఇంజనీరు ముల్లు రోజూ చూస్తానన్నాడు, అదీ నీళ్లు వదిలే గంటలోనే. బాబాయ్ ఆ గంటంతా వాల్వు బిగించే ఉంచాడు. మూడు రోజులు మెరక వీధికి చుక్క ఎక్కలేదు. అక్కడే ఉంటుంది బాబాయ్ వాళ్లక్క, మోకాళ్లు అరిగిన మనిషి. మూడో రోజు ఖాళీ బిందెతో పంపుహౌసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"తమ్ముడి చేతిలో పంపుండగా నేను పల్లానికి దిగి నీళ్లు మోసుకోవాలట్రా?"

మర్నాడు ఆయన వాల్వు ముట్టుకోలేదు. ముల్లు మూడున్నర దగ్గర ఆగింది. పంపు దెబ్బతిన్నదా అని ఇంజనీరు అడిగాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకపోయినా బాబాయ్ ఉన్నదంతా చెప్పేశాడు.

"ఆ ఆరు పైన పటారం, లోన లొటారం సార్. మెరక వీధికి రండి, బిందె ఎంతసేపట్లో నిండుతుందో చూద్దురుగాని."

ఇంజనీరు రిజిస్టరు తిరగేశాడు. "ఇందులో బిందెకి గడి లేదు. అంటే పంతొమ్మిదేళ్లుగా మోసం చేశారన్నమాట."

వారంలో కొత్త ఆపరేటరు వచ్చాడు. ముల్లు ఆరుకు తగ్గకూడదని అతనికి రాతపూర్వకంగా చెప్పారు. అతను వాల్వు బిగించాడు. మళ్లీ విప్పలేదు. పంపు బాగుపడిందని రిజిస్టరులో ఎక్కింది.

పోతూ పోతూ బాబాయే ఏదో చెడగొట్టి పోయాడని మెరక వీధివాళ్లు తేల్చారు. అక్క వాళ్లతో వాదించలేదు. పొద్దున్నే తమ్ముణ్ని పిలిచి బిందె చేతికిస్తుంది. ఉద్యోగం లేదు కాబట్టి ఆయనకు తీరికే.