పనస దుంగ, ఆముదం డబ్బా

నాకు జరిగిన అన్యాయాలు, తిథుల వారీగా:

మార్గశిర బహుళ పంచమి. రంపం చైనుకని నేను కొని తెచ్చిన ఆముదాన్ని నలుగురిలో హేళన చేయడం.

పుష్య శుద్ధ తదియ, ఉదయం. నేను ఊళ్ళో లేనప్పుడు, ఆ ఆముదం ముట్టకుండా, రంపంలో కొబ్బరినూనె పోయడం.

అదే రోజు మధ్యాహ్నం. ట్రాక్టరులోంచి తీసిన కాలిన ఆయిలును మా పనస దుంగ చీలికలో ఒంపడం.

పుష్య శుద్ధ చవితి. ఎందుకిలా చేశావని అడిగితే నవ్వడం.

ఆనాటి నుంచి నేటివరకు, అడిగిన ప్రతిసారీ, నవ్వడం.

ఇవన్నీ చేసినవాడు మా బావమరిది, నా భార్యకు తమ్ముడు. మాదీ వాళ్ళదీ రామచంద్రపురం వైపు ఒకే ఊరు.

తొంభైలలో దీపావళి ముందు వచ్చిన పెద్ద తుఫానుకు మా పెరటి పనసచెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. ఆ రాత్రే వసారా దూలం విరిగి మా ఆవిడ వీణ మీద పడింది. చిన్ననాటి నుంచి ఆవిడ వాయించిన వీణ అది. వీణ కుండ పగిలింది. ఆవిడ ముక్కలు ఏరి పాత చీరలో మూట కట్టింది. పనస మొద్దు నిటారుగా, పురుగు లేకుండా ఉంది. అతుకుల్లేని ఏకాండి వీణ ఆ ఒక్క దుంగలోంచే వస్తుందని, అది చేయించి ఆవిడకు ఇవ్వాలని సంకల్పించాను.

పడిపోయిన కొబ్బరిచెట్లు కోయడానికి రైతులం కలిసి ఒక పెట్రోలు రంపం కొన్నాం. అది మా బావమరిది దగ్గర ఉండేది. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు వాడుకునేవారు. చైనుకు వేయవలసిన ఆయిలు మా దగ్గర దొరికేది కాదు. అందరూ ట్రాక్టరులోంచి తీసిన కాలిన ఆయిలే పోసేవారు. కొబ్బరి మొద్దుకు అది చాలు. వీణకొయ్యకు చాలదు.

కాబట్టి పరీక్షించాను. రంపం కొసను తెల్లకాగితం మీదికి పట్టి చైను తిప్పితే, చిమ్మిన నూనె కాగితం మీద గీతలా పడుతుంది. కాలిన ఆయిలు గీత నల్లగా, ఇనుపరజనుతో పడింది. కొత్త ఇంజనాయిలు శుభ్రమే గాని దాని వాసన కొయ్యలో ఇంకుతుంది. నువ్వులనూనె పలచన, చైనును అంటిపెట్టుకోదు. కొబ్బరినూనె చలికాలం పొద్దున్నే గడ్డకడుతుంది, చైనుకు అందదు. ఆముదం చిక్కన, జిగురు, మరక లేదు. మా తాతల నాడు బండి ఇరుసుకు కందెన కలిపింది దానితోనే. ఆముదమే అని తేల్చి, డబ్బా మీద చీటీ అంటించి, మా బావమరిది చేతికిచ్చి, ఇదంతా విడమరిచి చెప్పాను.

"ఆముదం రంపానికాండీ, మీకాండీ?" అన్నాడు అరుగు మీద అందరూ వింటుండగా. "రంపానికి విరేచనాలైతే నా పూచీ లేదు బావగారూ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా వైపు బావమరిది పరిహాసానికి బావ కోపగించుకోకూడదు. కోపగించుకుంటే తప్పు బావదే అవుతుంది.

వీణలు చేసే ఆచారిని వెంటబెట్టుకు రావడానికి నేను కొవ్వూరు వెళ్ళాను. మర్నాటి వంతు మాది. నేను వచ్చేదాకా దుంగ మీద రంపం పెట్టవద్దని బావమరిదికి చెప్పి మరీ వెళ్ళాను. ఆ రోజు రంపం ఖాళీగా ఉందని ఇతను ముందే మొదలుపెట్టాడు. తుఫానుకు రాలిన కొబ్బరికాయల నూనె ఇంటినిండా ఉండడంతో, గడ్డకట్టినదాన్ని పొయ్యి మీద కరిగించి పోశాడట. కాఫీలకు ఆగినంతసేపట్లో అది రంపంలో నూనె పారే సన్నదారిలో మళ్ళీ గడ్డకట్టింది. తిరిగి మొదలుపెట్టగానే చైను ఎండిపోయి, వేడెక్కి, దుంగ నడిమధ్య పొగలు కక్కుతూ ఇరుక్కుపోయింది. దాన్ని విడిపించడానికి కాలిన ఆయిలు పోశారు. పచ్చి పనస దాన్ని తాగేసింది.

చవితినాడు ఆచారి వచ్చి, చీలికలో వేలు పెట్టి, వాసన చూశాడు. "ఇది బల్లకు పనికొస్తుందండి," అని మాత్రం అన్నాడు.

నేను బావమరిదిని నిలదీశాను. "వీణ లేకపోతేనేం బావగారూ, మా అక్క నోరు లేదూ? రోజూ కచేరీయే కదండీ మీకు," అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు. ఆ రోజు నేను నవ్వలేదు.

ఆ దుంగ బల్లే అయింది. సాయంత్రాలు దాని మీద కూర్చునే మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలిచేది. ఇంకో వీణ తెస్తానంటే వద్దనేది. తమ్ముడి సంగతి ఎత్తితే మాత్రం ఒకే మాట: "వాడు నవ్వకపోతే ఏడుస్తాడండి. వదిలేయండి." ఆవిడ ఉన్నన్నాళ్ళూ వదిలేశాను. నిరుడు ఆవిడ సంవత్సరీకానికి వచ్చి అతను ఆ బల్ల మీద కూర్చోలేదు. నిలబడే భోజనానికి పిలుపు కోసం చూశాడు. అడగబోతే మళ్ళీ ఏదో పరిహాసమాడాడు, బల్ల వైపు చూడకుండా. ఆవిడ చెప్పింది నిజమేనేమో. అయినా, ఆవిడ వేళ్ళు తీగలు మరిచిపోతుంటే నేను చూస్తూ కూర్చున్నాను.

కావున మా బావమరిదిగారికి తెలియజేయునది: ఆముదం డబ్బా మీ చేతికే ఇచ్చి, కారణం కూడా చెప్పి వెళ్ళినప్పటికీ, మీ అక్కగారి వీణ కోసం ఉంచిన దుంగ మీద కొబ్బరినూనెతో రంపం ఎందుకు నడిపారు? నష్టపరిహారం కోరడం లేదు. నోటిమాటగా చెప్పవద్దు, చెబితే మీరు నవ్వుతారు, నేనూ నవ్వవలసి వస్తుంది. కాగితం మీద, మీ చేతిరాతతో, సంతకంతో, లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.