కసిమి కాని నలుపు

పెడన అద్దకపు పాకల్లో ఎవరి వేళ్ళు చూసినా నలుపే. తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసిన కసిమి రంగు ఒంటికి అంటిందంటే ఒక పట్టాన వదలదు. అందుకే మహాలక్ష్మమ్మ తన కాలి బొటనవేలు నల్లబడితే పట్టించుకోలేదు. నొప్పన్నా లేదాయె.

ఉయ్యూరు నుంచి చూడవచ్చిన చెల్లెలు జ్యోతిర్మయి చూపు మాత్రం ఆ వేలి దగ్గరే ఆగిపోయింది.

"ఏంటక్కా ఇది?"

"కసిమే. ఎన్నడూ చూడనట్టు అడుగుతావేంటే!"

"గిల్లుతా, తెలుస్తుందేమో చెప్పు."

"గిల్లు మరి. చూస్తూ కూర్చున్నావేం?"

అప్పటికే జ్యోతిర్మయి గోరు ఆ వేలి లోపలికి దిగి ఉంది.

అక్కాచెల్లెళ్ళని ఎక్కించుకుని ఆటో ఆసుపత్రికని బందరు రోడ్డెక్కింది.

"షుగర్ బిళ్ళలు వేసుకుంటున్నావా?" అడిగింది చెల్లెలు.

"నీరసం తగ్గిందిగా, మానేశా."

"డాక్టర్ని అడిగే మానేశావా?"

"ఆయన్ని అడగటానికి మనమెంతటివాళ్ళమే!"

ఇద్దరూ ఒకే కుండలో గంజి తాగినవాళ్ళే. అక్కని ఐదో తరగతిలోనే మాన్పించి తండ్రి పోతురాజు అద్దకం బల్ల దగ్గర నిలబెట్టాడు. చెల్లెలి వంతు వచ్చేసరికి బడిలో సువార్తమ్మ టీచరు అలా సాగనివ్వలేదు. "పోతురాజుగారూ, పిల్ల బయల్దేరేదాకా నేను కదలనండీ" అని పొద్దున్నే గుమ్మంలో భీష్మించుకు కూర్చునేది. ఆవిడ పోరు పడలేక పదో తరగతి దాకా పంపాడు. ఆ ఎక్కువ చదువు ఏం ఒరగబెట్టిందో అక్కకి ఏనాడూ బోధపడలేదు. చెల్లెలు ఆఫీసరేం కాలేదు, జాకెట్లు కుడుతోంది. షుగరూ ఇద్దరికీ వచ్చింది. కాకపోతే చెల్లెలు బిళ్ళ మానదు, కనబడ్డ డాక్టరునల్లా ప్రశ్నలతో వేపుకు తింటుంది.

బందరు ఆసుపత్రిలో డాక్టరు జనార్దనరావు వేలు చూసి మొహం ముడిచాడు.

"ఇవాళే తీసెయ్యాలమ్మా. ఆలస్యమైతే పాదమే పోవచ్చు. ఇంకా పైకి పాకితే ప్రాణానికే హామీ చెప్పలేను."

మహాలక్ష్మమ్మ "చదివినదానివి నువ్వు అడగవే" అన్నట్టు చెల్లెలి వైపు చూసింది. జ్యోతిర్మయి నోట కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. ప్రశ్నలన్నీ ఎక్కడికి పోయాయో!

నర్సు చక్రాల మంచం తోసుకొచ్చింది. మహాలక్ష్మమ్మ దాని అంచు గట్టిగా పట్టుకుంది.

"అయ్యా, ఒక్క మాటండీ. వేలు తీశాక పాదం దక్కాలంటే నేనేం చెయ్యాలండీ?"

డాక్టరు గబగబా చెప్పుకుపోయాడు. సగం తలకెక్కలేదు. ఇన్నేళ్ళూ ఇలాంటప్పుడు "అలాగేనండీ" అని తల ఊపి వచ్చేసేది.

"తెలియలేదండీ," అంది, మంచం అంచు వదలకుండా. "మెల్లగా ఇంకోసారి చెప్పండి."