కెంపమ్మ అరచెయ్యి

చింతామణిలో కెంపమ్మ మొహం తెలియనివాళ్ళు ఉంటే ఉండొచ్చు గానీ, కెంపమ్మ నోరు తెలియనివాళ్ళు మాత్రం లేరు. పట్టుదారం తీసే రీలింగ్ షెడ్డులో ఉడుకునీళ్ళ బేసిన్ ముందర కూర్చుని ఆమె మాట్లాడితే రోడ్డుమీద పోయే ఆటో కూడా నిదానిస్తాది. లోపల ఒకటి పెట్టుకుని బయటికి ఇంకోటి చెప్పే రకం కాదు. అట్లాంటి మనిషి కన్నకూతురు అడిగిన ఒక్క మాటకు రెండేండ్లు జవాబు చెప్పలేక నోరు కట్టేసుకునిందంటే ఎవరు నమ్ముతారు? ఆ జవాబు ఎట్లా బయటికొచ్చిందో, ఎవరెవరి ముందర వచ్చిందో చెప్తే ఇంకా నమ్మరు.

ముందు ఆమె పనితనం చెప్పాల. అది చెప్పకుండా కెంపమ్మ గురించి మాట్లాడేది పాపం. పదహారేండ్లకు షెడ్డులో కూర్చునింది, ఇప్పుడు యాభై రెండు. శిడ్లఘట్ట మార్కెట్టు నుంచి పట్టుగూళ్ళు మూటలు మూటలుగా వస్తాయి. వాటిని ఉడికించి, పొగలు కక్కే నీళ్ళలో వేస్తారు. ఒక్కో గూటికి ఒక్కటే కొస, అది కంటికి సరిగా ఆనదు. వేలితో తడిమి పట్టుకోవాల, తెగకుండా లాగాల, ఎనిమిది గూళ్ళ పోగులు కలిపి ఒక్క దారం చెయ్యాల, ఒక గూడు అయిపోతానే ఇంకోదాని కొస అందించాల. కొత్తగా వచ్చినోళ్ళు నీళ్ళలో వేలు పెట్టి "అబ్బా" అని తీసేలోగా కెంపమ్మ నాలుగు కొసలు ఎత్తేసి ఉంటాది. అదీ పక్క బేసిన్ ప్రతిమతో కబుర్లు చెప్తా, నీళ్ళ పక్క చూడకుండానే. ఈమె తీసిన దారం మీద చెయ్యి పెట్టి చూస్తే ఎంత ముచ్చటగా ఉంటాదో!

ఆ దారం తీసిన చేతులు చూసినారా? ముప్పై ఆరేండ్లుగా ఉడుకు నీళ్ళలో నానీ నానీ వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, బీటలు బీటలుగా ఉంటాయి. రేషన్ అంగడిలో మిషన్ మీద వేలు పెడితే అది ఒప్పుకోదు. "నేనే కెంపమ్మని, పేరు కార్డులో రాసుండాది చూడు" అని ఆమె మిషన్‌తో కొట్లాడతాది. ఆఖరికి కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటాది.

మొగుడు ఆంజనప్ప మంచోడు, ఆయుష్షే లేదు. బిడ్డ సహన రెండో క్లాసులో ఉండగానే పోయినాడు. ఒక్కతే బిడ్డ. దాన్ని ఆ బేసిన్ ముందర కూర్చునే చదివించింది కెంపమ్మ. ఇప్పుడు సహన బాగేపల్లిలో పియు, అంటే ఇంటరు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. ఆడే ఒక రూము తీసుకుని ఉంటాది.

రెండేండ్ల కింద సహనకు టైఫాయిడ్ వచ్చింది. కెంపమ్మ ఉన్న పళంగా బస్సెక్కి పోయి, బిడ్డ మంచం పక్కన కూర్చుని, చెయ్యి తిప్పి వెనకపక్కతో నుదురు ముట్టి చూసింది. సహన ఆ చెయ్యిని పక్కకు నెట్టేసింది. "చిన్నప్పటినుంచి చూస్తాండా అమ్మా. నన్నెప్పుడన్నా అరచేత్తో నిమిరినావా? ఎవరింటి బిడ్డనో ముట్టినట్టు చెయ్యి తిప్పి ముడతావు. నేనంటే నీకు అంత రోతనా?" అని అడిగింది.

జొరంలో అన్న మాటే కదా అనుకోవచ్చు. కానీ జొరం తగ్గినాక కూడా ఆ మాట తగ్గలేదు. కెంపమ్మ దగ్గర జవాబు ఉండింది. చెప్పాలంటే చేతులు చాపి చూపించాల, నీ కోసం ఇట్లా అయినాయి చూడు అనాల. బిడ్డ ముందర జాలి అడుక్కునేది ఆమె వల్ల కాలేదు. వంట మాడిపోతాదని లేచి స్టవ్ దగ్గరికి పోయింది. అప్పటినుంచి ఆదివారం ఫోన్లలో "తిన్నావా", "తిన్నా", "బస్సు దొరికిందా", "దొరికింది" అంతే. అమ్మా కూతుళ్ళ మాటలు అంతకు దిగిపోతే ఎంత కష్టంగా ఉంటాదో పడినోళ్ళకే తెలుస్తాది.

ఇంక మేష్ట్రు గురించి. అనంతపద్మనాభ గారి తాతలు గుడి సేవలో ఉన్నోళ్ళు. ఈయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనాడు. ఊరికే కూర్చోలేక, నెలకొక ఆదివారం తన మిద్దెమీది హాల్లో గోడకు తెల్ల బట్ట కట్టి, రచయితల ఉపన్యాసాల వీడియోలు చూపిస్తాడు. జపాను ఆయన ఒక నెల, బర్మా నుంచి పోయి లండన్లో స్థిరపడిన ఆమె ఇంకో నెల, అట్లా. మన ఆసియా దేశాల వాళ్ళు, వాళ్ళలో ఊరు విడిచి దూరం పోయినోళ్ళు ఏం చెప్తాండారో మనమూ వినాలని ఆయన పట్టు. కొంచెం నడిపించి ఆపి, తెలుగులో అర్థం చెప్పి మళ్ళీ నడిపిస్తాడు. ఆయన భార్య పంకజమ్మ అందరికీ కాఫీ ఇస్తాది. ముప్పై మంది దాకా వస్తారు. టీచర్లు, నర్సులు, కూరగాయల మునిశామప్ప, షెడ్డు ఆడోళ్ళు నలుగురైదుగురు.

ఈ ముప్పై మందికీ ఒక అలవాటు పడిపోయింది. మేష్ట్రు బొమ్మ ఆపుతానే గోడమీది రచయితతో నేరుగా మాట్లాడేస్తారు. మా అవ్వ చేసిన పులుసు మళ్ళీ యాడా దొరకలేదని లంక నుంచి పోయినాయన ఎవరో కంటనీరు పెట్టుకుంటే, మునిశామప్ప లేచి, "బాధపడొద్దు నాయనా, చింతామణికి రా, మా ఇంట్లో పెడతాం" అన్నాడు. ఈ గోడతో మాట్లాడే పనిలో అందరికంటే పెద్ద చెయ్యి కెంపమ్మదే. పెండ్లాన్ని విడిచిపెట్టి కొండెక్కి కవిత్వం రాసుకున్న జపాను పెద్దాయన్ని ఆమె తిట్టిన తిట్లు వినాల్సిందే. ఆయన మాత్రం గోడమీద చల్లగా నవ్వతానే ఉన్నాడు.

ఆమె ఆడికి పోతాండేదానికి కారణం ఒకటే. కూతురు ఎప్పుడు చూసినా పుస్తకంలో తలపెట్టుకుని ఉంటాది. ఈ బిడ్డ యాడికి పోయి కూర్చుంటాండాదో చూడాలని కెంపమ్మ ఆశ. ఉగాది పండక్కి వచ్చినప్పుడు సహన ఒక ఇంగ్లీషు పుస్తకం చదువుతా ఏడవడం ఆమె కండ్లారా చూసింది. తండ్రి పోయినప్పుడు తప్ప ఏడవని బిడ్డ! అట్టమీద ఒక చెయ్యి బొమ్మ ఉండింది. అంతకుమించి కెంపమ్మకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ పుస్తకం రాసినామె పేరు థావో. వియత్నాంలో పుట్టి, పదేండ్లప్పుడు ఆస్ట్రేలియాకు పోయినామె. మాది పట్టు తీసే ఊరు, మా మేష్ట్రు హాల్లో మా వాళ్ళతో మాట్లాడతారా అని సహన ఆమెకు జాబు రాసింది. ఆమె సంతోషంగా ఒప్పుకునింది. ఈసారి రికార్డింగు కాదు, ఆమె ఇంటర్నెట్‌లో నేరుగా మాట్లాడతాది, సహన పక్కన నిలబడి తెలుగులో చెప్తాది. ఈ సంగతి మేష్ట్రు అందరికీ వాట్సాప్‌లో పెట్టినాడు. కెంపమ్మది బటన్ల ఫోను. సహన వస్తాందనీ, ఆ చెయ్యి బొమ్మ పుస్తకం ఆమె మాట్లాడతాదనీ మాత్రం ప్రతిమ చెప్పింది.

ఆ ఆదివారం ఉడికిన గూళ్ళు మిగిలిపోయి, పని అయ్యేసరికి పదకొండు దాటింది. చేతులు కూడా సరిగా తుడుచుకోకుండా పరిగెత్తింది కెంపమ్మ. మెట్లెక్కి హాలు వాకిట్లో నిలబడేసరికి, గోడమీద కురచ జుట్టు ఆడమనిషి ఇంగ్లీషులో చెప్పి ఆగింది. సహన తెలుగులో చెప్పేదానికి మొదలుపెట్టింది.

"మా అమ్మ పట్టు మిల్లులో పని చేసేది. మా వీధిలో అమ్మలంతా పిల్లల్ని అరచేత్తో నిమిరేవాళ్ళు. మా అమ్మ మాత్రం చెయ్యి తిప్పి, వెనకపక్కతో నా బుగ్గ ఒకసారి ముట్టి తీసేసేది, ఈగను తోలినట్టు. ఇంటికొస్తానే డబ్బాలోంచి కొవ్వు తీసుకుని చేతులకు రుద్దుకుంటా కూర్చునేది. నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. ఆమెకు నాకంటే తన చేతుల సోకే ఎక్కువ. అమ్మ చచ్చిపోయినాక కూడా, నలభై ఏండ్లుగా ఆ చెయ్యిని నేను క్షమించలేదు. ఈ పుస్తకం అదే."

 సహనది ఇంకొకరి మాట చెప్తాండే గొంతు కాదు. 

"సోకా?" అని వాకిట్లోంచే కెంపమ్మ గోడమీది ఆమె మీద అరిచింది. "ఏం మనిషివమ్మా నువ్వు! ఇన్ని పుస్తకాలు చదివినావే, మీ అమ్మ చెయ్యి ఒక్కసారి తిప్పి చూసినావా? ఉడుకు నీళ్ళలో నానిన వేళ్ళు ముళ్ళమాదిరి ఉంటాయి. బిడ్డ బుగ్గ మీద పెడితే గీరుకుంటాది. వెనకపక్క ఒక్కటే కదా మెత్తగా మిగిలుండేది! ఆ మిగిలినదాంతోనే నిన్ను ముట్టింది. కొవ్వు రుద్దుకునింది సోకుకు కాదు, నిన్ను ముట్టుకునేదానికి. చచ్చిపోయిన తల్లిమీద ఇట్లా రాస్తావా, సిగ్గులేదా?"

 గోడమీది ఆడమనిషి తల తిప్పి, ముందుకు వంగి, ఇంగ్లీషులో ఏదో అడిగింది.  కెంపమ్మ రెండేండ్లుగా చూస్తాండాది, గోడమీది మనుషులు ఎప్పుడూ ఆమె పక్క తిరగలేదు.

"సామీ, ఈయమ్మకు వినపడిందా?" అని మేష్ట్రును అడిగింది.

"వినపడింది కెంపమ్మా. ఈపొద్దు వీడియో కాదు, ఆమె నేరుగానే ఉండారు. ఎవరు మాట్లాడింది, ఏమన్నారు అని అడుగుతాండారు."

"అయ్యో దేవుడా!" అని కెంపమ్మ వెనక్కి తిరిగి మెట్లు దిగబోయింది. ప్రతిమ కొంగు పట్టుకుని ఆపింది.

మేష్ట్రు సహనతో మెల్లిగా, "అమ్మా, తిట్లు వదిలేసి మిగతాది చెప్పు," అన్నాడు.

"లేదు సార్, అంతా చెప్తాను," అనింది సహన.  తల్లి పక్క చూడకుండా, సిగ్గులేదా అన్న మాటతో సహా అంతా ఇంగ్లీషులో చెప్పేసింది.  థావో ఒక్క మాట అడిగింది. సహన దాన్ని తెలుగులో చెప్పేటప్పుడు తల్లి పక్క తిరగక తప్పలేదు.

"ఇది మీకెట్లా తెలుసు, అని అడుగుతాండారు."

కెంపమ్మ కొంగుతో చేతులు తుడుచుకునింది. ఇంక దాచేదేముంది!

"మా బిడ్డకు ఎనిమిది నెలలప్పుడు షెడ్డు నుంచి వచ్చి, ఆశకొద్దీ బుగ్గ నిమిరినా. వేలి బీట తగిలి బుగ్గమీద గీరుకునింది, రక్తం చుక్క వచ్చింది. బిడ్డ కెవ్వుమనింది. నన్ను చూస్తేనే రెండు దినాలు ఏడ్చింది. ఆ పొద్దు ఒట్టు పెట్టుకున్నా, ఈ అరచెయ్యి దాని మీద వెయ్యనని. రాత్రిపూట ఆముదం రుద్దుకుంటా ఉంటి, ఎప్పటికన్నా మెత్తగా అవుతాయని. కాలేదు. బిడ్డ పెద్దదైపోయింది. అలవాటు పోలేదు. రోత అనుకునింది నా బిడ్డ. రోత కాదు పాపా, భయం."

  సహన మైకు మేష్ట్రు చేతికిచ్చి, గోడ పక్క మొహం తిప్పుకుని నిలబడిపోయింది. కెంపమ్మ మాటలు మేష్ట్రే ఇంగ్లీషులో చెప్పినాడు. 

థావో చేతులు చూపించమని అడిగింది. కెంపమ్మ ముందుకొచ్చి, కెమెరా ముందర రెండు అరచేతులూ చాపింది. అంత పెద్దగా తన చేతులు ఆమె కూడా ఎప్పుడూ చూసుకోలేదు. ఆ తర్వాత థావో చెప్పింది మేష్ట్రు తెలుగులో చెప్పినాడు.

"ఆ కొవ్వు డబ్బా గురించి ఒక అధ్యాయమంతా రాసినాను. అమ్మ పోయి పదకొండేండ్లయింది. ఈ పుస్తకం ఎన్నో ఊర్లలో చదివినాను. అందరూ మెచ్చుకున్నారు, నాతోపాటు ఏడ్చినారు. నువ్వు రాసింది తప్పు అని చెప్పినామె మీరొక్కరే. ఆ అధ్యాయం నేను మళ్ళీ రాయాల. మీరు తిట్టింది మా అమ్మ తిట్టినట్టే ఉంది."

"తిట్టినందుకు ఏమనుకోవద్దని చెప్పండి సామీ," అనింది కెంపమ్మ. "మీ అమ్మ మంచిదని కూడా చెప్పండి."

సాయంత్రం నాలుగింటికి సహన బాగేపల్లికి బయలుదేరింది. చిక్కబళ్ళాపురంలో బస్సు మారాల. స్టాండు దాకా ఇద్దరూ నడిచిపోయినారు. దారిలో "తిన్నావా" అని కూడా ఎవరూ అడగలేదు. బస్సు వచ్చింది. కెంపమ్మ ఎప్పటిమాదిరే చెయ్యి తిప్పి బిడ్డ బుగ్గ దగ్గరికి తీసుకుపోయి, గుర్తొచ్చి ఆపేసింది.

సహన ఆ చెయ్యి పట్టుకునింది. తిప్పింది. అరచెయ్యిని తన బుగ్గకు గట్టిగా అదుముకునింది.

"వద్దే పాపా, గీరుకుంటాది," అనింది కెంపమ్మ.

"గీరుకోనీమ్మా."

కండక్టరు రెండుసార్లు కేకేసినాక ఎక్కింది. కిటికీ పక్కనే సీటు దొరికింది. బస్సు కదిలేటప్పుడు కెంపమ్మకు బిడ్డ బుగ్గమీద సన్నగా ఎర్రటి గీత కనపడింది. ఎనిమిది నెలలప్పటి గీత ఉన్న చోటే. కానీ ఈసారి బిడ్డ నవ్వతాండాది.