వదులైన వడ్డాణం, బిగిసిన దండకడియం

పెళ్ళినాటికి నేను కట్టెపుల్లలా ఉండేదాన్నంటే ఇప్పుడు నా మనవరాళ్ళు కూడా నమ్మరు. నమ్మకపోవడం వాళ్ళ తప్పు కాదు. బేగంబజార్‌లో టోకు కిరాణా దుకాణం నడిపే ఇంటికి నేను కోడలిగా వచ్చిన కొత్తలో, ఎదురింటామె మా అత్తమ్మను పట్టుకుని, ఊరందరికీ పప్పులు అమ్ముతరు గదా, కోడలికి మాత్రం బువ్వ పెట్టరా అని అడిగిందట. ఆ మాట అత్తమ్మకు ముల్లులా దిగింది. తల్లి లేని పిల్లను తెచ్చుకుని మాడుస్తున్నదన్న పేరు వస్తుందేమోనని ఆనాటి నుంచి నన్ను మేపడం మొదలుపెట్టింది. పెరుగు మీది మీగడ నాకే. నువ్వుల ముద్దలు నాకే. రొట్టె మీద నెయ్యి వేస్తే ఆ నెయ్యి పళ్ళెం దాటి నేల మీద పడాలి. నన్ను పెంచింది నిజంగా ఆమే. పొడుగుకు కాదు, అడ్డానికి.

ఇద్దరు పిల్లలు పుట్టేసరికి గాజులవాడు నా చేయి చూసి మాట్లాడకుండా డబ్బా మార్చేవాడు. రవికకు బట్ట కొంటే దుకాణమతను ఇద్దరికా అని అడిగేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న ఇల్లాలు ఇంట్లో ఉంటే దుకాణం బాగా నడుస్తున్నట్టు లెక్క అని అత్తమ్మ చెప్పేది, నేను నమ్మేదాన్ని.

అట్లాంటి రోజుల్లో అత్తమ్మ మోకాళ్ళు బరువు ఆపడం మానేశాయి. కీళ్ళవాతం ఎప్పటినుంచో ఉంది. ఆ ఏడు వానలు మొదలవగానే మంచం మీద నుంచి లేచి నిలబడబోయి అట్లాగే కూలబడింది. మా ఇల్లు ఎట్లాంటిదంటే, కింద దుకాణం, దాని వెనక గోదాం, మేము ఉండేది మేడ మీద. బావి, స్నానాల గది, దొడ్డి అన్నీ కింద పెరట్లోనే. గోదాంలో ఎండుమిర్చి ఘాటుకు ఆమెకు దగ్గు ఆగదు కాబట్టి మంచాన్ని కిందికి మార్చే దారి లేదు. దొడ్డికి పైనే తట్ట పెట్టాం. పైనే తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాం. ప్రతి దినం తెల్లారకముందే బావి దగ్గర తలారా నీళ్ళు పోసుకునే మనిషికి అది చావుతో సమానం.

కొడుకు ఎత్తుకుని దింపుతానంటే వద్దంది. మగపిల్లవాడు తనను స్నానానికి మోసుకుపోవడమేమిటని సిగ్గు. హమాలీని పిలుద్దామని మా ఆయన అన్నప్పుడైతే రెండు దినాలు ఆయనతో మాట్లాడలేదు. "నేనేమన్న జీలకర్ర బస్తానారా?" అన్నది ఒక్కసారే, మళ్ళీ గోడ వైపు తిరిగింది.

ఆఖరికి మా పెద్ద వదిన, అంటే అత్తమ్మ పెద్ద బిడ్డ, మాదన్నపేట నుంచి వచ్చి తేల్చి చెప్పింది. ఆమె ఇల్లు నేలమట్టం మీద ఉంటుంది, నీళ్ళు గడప పక్కనే. దసరా కాగానే వచ్చి తల్లిని తీసుకుపోతానంది. న్యాయమైన మాట.

వదిన వెళ్ళిపోయాక అత్తమ్మ నన్ను పిలిచి మంచం పట్టె మీద కూర్చోబెట్టింది. మంచం కిర్రుమంది. "నాకు ఈ ఇల్లు ఇడిసి పోవుడు ఇష్టం లేదు, పిల్లా. నువ్వు నన్ను ఈపు మీద ఏస్కొని దింపగల్తవా?" అని అడిగింది.

నేను ఆ మెట్లు వట్టి చేతులతో ఎక్కడానికే నడుమ ఆగి గోడ పట్టుకునేదాన్ని. అయినా దింపుతానన్నాను. ఆమె లేని మేడ మీద పొద్దంతా ఏం చెయ్యాలో నాకు తెలియదు. నాకు తల్లంటే ఆ మంచం మీద ఉన్న మనిషే.

అప్పుడు దేశాల నడుమ పెద్ద లడాయి నడుస్తుండేది. సరుకు మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియక మా ఆయన దొరికినప్పుడే ఎక్కువ తెచ్చి, గోదాం నిండితే మేడ మీది వసారాలో కూడా పెట్టించేవారు. అత్తమ్మ మంచం ఎదురుగానే ధనియాల మూటలు, పప్పు బస్తాలు, చింతపండు గంపలు. వాటితోనే నా సాధన. మగవాళ్ళకు కుస్తీ నేర్పే తాలీంఖానాలు ఉన్నాయి, ఎర్రమట్టి ఉంది, తిప్పడానికి బరువైన కర్ర ముగ్దర్లు ఉన్నాయి. నాకు ధనియాలు ఉన్నాయి. ఉస్తాదు అత్తమ్మ. జీవితమంతా హమాలీలను చూసిన మనిషి కాబట్టి మంచం మీద నుంచే అన్నీ చెప్పేది. నడుము వంచవద్దు, మోకాళ్ళు వంచు. బస్తాను ఒంటికి ఆనించుకో. లేచేటప్పుడు ఊపిరి వదులు.

మొదలుపెట్టే ముందు మా ఆయన నన్ను తూచాలన్నారు. తూకం వేయకుండా ఆయన ఏ పనీ మొదలుపెట్టరు. మధ్యాహ్నం దుకాణం తలుపులు దగ్గరగా వేసి పెద్ద కాంటా పలక మీద కూర్చోబెట్టారు. రెండో పలకలో రాళ్ళు పెడుతూనే పోయారు. ఇంట్లో ఉన్న రాళ్ళు చాలక పక్కన బెల్లం దిమ్మె ఒకటి వేశారు. మనిషిని తూస్తే దిష్టి అని అత్తమ్మ ఆ వేళ మంచం మీద నుంచే నాకు ఉప్పు దిగదుడిచింది.

మొదటి దినం అన్నిటికంటే చిన్న ధనియాల మూట ఎత్తబోయి దాని మీదే కూర్చుండిపోయాను. మూట పగిలింది. మూటను నువ్వు ఎత్తాలె గానీ మూట నిన్ను ఎత్తుడు కాదు బిడ్డా అంది అత్తమ్మ. మరునాడు పొద్దున జడ వేసుకోవడానికి చేతులు తలదాకా పోలేదు. తొడలు ఎంత పట్టేశాయంటే పీట మీద కూర్చున్నదాన్ని లేవలేక పీటతో సహా గోడదాకా జరిగి, గోడ పట్టుకుని లేచాను. నా చిన్న కొడుకు అది కొత్త ఆట అనుకుని నా వెనక తనూ జరిగాడు.

తిండి దగ్గర అసలు లొల్లి. ఇన్నేళ్ళు మేపిన చేయే ఇప్పుడు తాళం వేసింది. అత్తమ్మ నెయ్యి గిన్నెను తన మంచం కింద పెట్టుకుంది. జొన్నరొట్టె, పప్పు, ఉడకబెట్టిన శనగలు, మజ్జిగ. మీగడ పిల్లలకు. బరువులు ఎత్తడంతో ఆకలి ఎట్లా వేసేదంటే, చింతపండు గంప మీద చేయి వేసి ఎత్తడానికా తినడానికా అని ఆలోచించిన రోజులున్నాయి. ఆమె నిద్రపోతున్నదనుకుని మంచం కిందికి ఒకసారి చేయి పెట్టాను. నా మణికట్టు ఆమె పిడికిట్లో చిక్కింది. కళ్ళు తెరవకుండానే పట్టుకుంది.

నాలుగు వారాలు పోయేసరికి చిన్న మూట చిన్నదైంది. ఇంకొన్నాళ్ళకు పప్పు మూట వీపు మీద వేసుకుని మెట్లు దిగడం వచ్చింది. సరుకు పైకి ఎక్కించేది హమాలీలు, దుకాణానికి కావలసినప్పుడు దింపేది నేను. అరచేతుల్లో కాయలు కాశాయి. రాత్రి పడుకుంటే మళ్ళీ తెల్లవారినట్టే ఉండేది, నడుమ ఏమీ తెలిసేది కాదు. అన్నిటికంటే వింత, ఒకనాడు మెట్లు ఎక్కి పైకి వచ్చాక, గోడ పట్టుకోవడం మరిచిపోయానని గుర్తొచ్చింది.

ఆ గర్వంతోనే మళ్ళీ తూయమన్నాను. సగం తగ్గి ఉంటానని నా అంచనా. మా ఆయన మళ్ళీ అవే రాళ్ళు పెట్టారు, అదే బెల్లం దిమ్మె పెట్టారు. ముల్లు కదలలేదు. ఇంకాసేపు చూస్తే నా వైపే కొంచెం వాలింది.

కాంటా తప్పు అన్నాను. ఆ మాట అనకూడదు. మా ఇంట్లో ఎవరినైనా ఏమైనా అనవచ్చు గానీ కాంటాను అనకూడదు. మా ఆయన మొహం ఎర్రబడింది. "మా తాత దినాల నుంచి ఈ కాంటా అబద్ధం చెప్పలె. గింత కష్టపడ్డవ్, గింజంత తగ్గలె. ఇగ చాలు తియ్" అన్నారు.

నేనూ నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, తూకం తిని బతికే ఇల్లు. పైకి పోయి మంచం కింది నుంచి నెయ్యి గిన్నె తీసుకుని ఆమె ఎదురుగానే తిన్నాను. ఆమె ఆపలేదు. మరునాడు బస్తాల వైపు పోలేదు. ఆ మరునాడూ పోలేదు. మూడోనాడు చూస్తే అత్తమ్మ మంచం మీద కూర్చుని తన చీరలు మడతపెట్టి మూటలో సర్దుకుంటోంది. తిట్టినా బాగుండేది.

అప్పటికే బతుకమ్మ దినాలు వచ్చాయి. మనసు లేకపోయినా సింగారించుకోవాలి. పెట్టెలో నుంచి వెండి నగలు తీశాను. దండకడియం మోచేయి దాటి పైకి పోనంటుంది. కుంకుడు నురగ రాసి ఎట్లాగో ఎక్కించాను. వడ్డాణం చుట్టూ పెట్టుకుంటే మాత్రం బిగువుగా లేదు. కొండి తప్పు పెట్టానేమో అనుకుని పోయాను. వాకిట్లో ఆడవాళ్ళందరం చుట్టూ తిరుగుతూ వంగి చప్పట్లు కొడుతున్నాం. రెండో చుట్టులో వడ్డాణం తుంటి మీదికి వచ్చింది. మూడో చుట్టులో గలగలమని కాళ్ళ దగ్గర పడింది. నా వెనక ఉన్నామె దాన్ని తొక్కి నా మీద పడింది, ఆమె మీద ఇంకొకామె. పువ్వుల మీద ఎవరూ పడలేదు, అదొక్కటే పుణ్యం.

నవ్వులు ఆగాక గుసగుసలు మొదలయ్యాయి. నడుము ఎండిపోతున్నది, జబ్బలు ఉబ్బుతున్నాయి, ఇది మంచి లక్షణం కాదన్నారు. ఒకామె క్షయ పేరు ఎత్తింది. వాళ్ళ చుట్టాల్లో ఎవరికో ఇట్లాగే మొదలై ఏడు తిరక్కముందే పోయిందట. నేను వడ్డాణం చేతిలో పట్టుకుని ఏడుస్తూ ఇంటికి వచ్చాను. పిల్లలు తల్లి లేనివాళ్ళైపోయారని దారిలోనే నిశ్చయమైపోయింది నాకు. మా ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఎవరిని చేసుకుంటారో కూడా ఆలోచించాను.

అత్తమ్మ నన్ను దగ్గరికి రమ్మని, సరుకు చూసినట్టు చూసింది. పొట్ట పట్టి గుంజింది. జబ్బ నొక్కింది. తొడ మీద చేత్తో చరిచింది. ఆ తరువాత ఆమెకు నవ్వు ఆగలేదు. దుకాణంలో ఉన్న కొడుకును కేక వేసి పైకి పిలిపించింది. "ఏరా, ఒక్క తూకం పత్తి, ఒక్క తూకం ఇనుము తెస్తే రెండు ఒక్కతీరుగ జాగ తీస్కుంటయా? పత్తి పోయి ఇనుము అచ్చిందిరా దీనికి. కాంటాకు అది ఎట్ల ఎరుక?"

మా ఆయన నా జబ్బ ఒకసారి నొక్కి చూసి కిందికి పోయారు. కాంటా తప్పు చెప్పలేదు, దాన్ని తాను అడిగిందే తప్పు అని ఆయన ఒప్పుకున్నట్టే నేను లెక్కవేసుకున్నాను. అత్తమ్మ మూట విప్పి చీరలు మళ్ళీ పెట్టెలో పెట్టించింది. నెయ్యి గిన్నె మాత్రం ఈసారి దిండు పక్కకు మారింది.

దసరా మరునాడు పొద్దున్నే వదిన జట్కాలో వచ్చింది. అత్తమ్మ బిడ్డను ఒక పక్కన నిలబడి చూడమంది. వదిన నా చేయి పట్టుకుంది. "మరదలా, నీ మీద కోపం కాదు. నువ్వు జారితె ఇద్దరు పోతరు" అంది. ఆమె చెప్పింది నిజం. అయినా కొంగు నడుముకు దోపాను.

మంచం ముందు గొంతుకూర్చున్నాను. అత్తమ్మ చేతులు నా మెడ చుట్టూ వేసింది. పిల్లలను ఉప్పుమూట ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లేచాను. బస్తా మెడ పట్టుకోదు, చెవిలో మాట్లాడదు. ఆమె రెండూ చేసింది. "ముందట సూడకు, కాలి కింద మెట్టు సూడు. మెల్లగ. ఫికర్ లేదు" అంటూనే ఉంది. ఆమె గుండె నా వీపు మీద కొట్టుకోవడం తెలుస్తోంది. మా ఆయన కింద చేతులు చాచి నిలబడ్డారు. ఆమె ఆయనను పక్కకు జరగమంది.

దిగాం. స్నానాల గదిలో బండ మీద కూర్చోబెట్టి బావి నీళ్ళు తోడి పెట్టాను. నన్ను బయటికి పంపి తలుపు వేయించుకుంది. వదినా నేనూ బయట నిలబడ్డాం. లోపల చెంబు గంగాళానికి తగులుతున్న చప్పుడు, నీళ్ళు పడుతున్న చప్పుడు. అంతసేపు స్నానం చేసిన మనిషిని నేను చూడలేదు. వదిన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మళ్ళీ వెంటనే గట్టిపడి, దిగింది గదా, ఇంక నాలుగు అడుగులేస్తే జట్కానే, ఎక్కిద్దాం పట్టు అంది.

అప్పుడు నాకు వెలిగింది. నేను నేర్చుకున్నది దింపడం ఒక్కటే. ఇన్ని నెలల్లో బస్తాలన్నీ పైనుంచి కిందికే తెచ్చాను. ఒక్కదాన్నీ పైకి మోయలేదు. నాకు తట్టలేదు, ఉస్తాదుకూ తట్టలేదు. తల తుడుచుకుని వచ్చిన అత్తమ్మ నా మొహం చూసి సంగతి పట్టేసింది. "ఎక్కు, బిడ్డా" అని మాత్రం అంది.

ఎక్కాను. సగందాకా బాగానే ఎక్కాను. అక్కడ కాలు లేవనంది. పైకి పోలేను, కిందికి తిరగలేను, వీపు మీద తడి జుట్టుతో అత్తమ్మ. అప్పుడు వెనక నుంచి రెండు చేతులు నా నడుముకు ఆనాయి. వదిన. తల్లిని తీసుకుపోవడానికి వచ్చిన మనిషి, పళ్ళు బిగించి మమ్మల్నిద్దరినీ పైకి నెడుతోంది. నెట్టినప్పుడల్లా ఒక మెట్టు, తిట్టినప్పుడల్లా ఇంకొకటి. ఎట్లా చేరామో గానీ మంచం దగ్గరికి చేరాం.

కింద జట్కావాడు విసుగెత్తి, సవారీ వస్తుందా రాదా అని కేక వేశాడు. అత్తమ్మ తడి జుట్టు దిండు మీద పరుచుకుని కిటికీ వైపు మొహం తిప్పింది.

"నక్కో మియా, జావ్" అని అతణ్ణి పొమ్మంది.

వదిన అడ్డం చెప్పలేదు. చెప్పడానికి ఆమెకు ఊపిరి అందలేదు. సంతోషపడదామంటే నాకూ అందలేదు.