గాజు మీద తగరపు పొర

మొన్న మా వంటింట్లో, గ్యాసు లీకైతే కూత పెట్టే చిన్న పెట్టెను గోడకు బిగించడానికి వచ్చిన మనిషి, "దీన్ని ఇప్పద్దమ్మా, లోపల ఏముంటదో మాక్కూడ తెల్వది" అని చెప్పి వెళ్ళాడు. లోపల ఉండేది తగరపు ఆక్సైడు పూసిన చిన్న పలక అనీ, అలాంటి పూతను తొంభైల మొదట్లో కరీంనగర్‌లో ఈ చేతులతోనే వేశాననీ అతనికి చెప్పలేదు గాని, నా ఈడు వాళ్ళైన మీతో చెప్పుకోవాలనిపించింది.

మా బాపు నస్పూర్ దగ్గర బొగ్గుబాయిలో సర్దారు. అందరికంటే ముందు రక్షణ దీపం పట్టుకుని లోపలికి దిగి, దీపం మంట మీద నీలి టోపీ లేస్తే అక్కడ గ్యాసున్నదని గుర్తుపట్టి మనుషులను ఆపడం ఆయన పని. నేను కరీంనగర్‌లోని ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతూ పరిశోధనకు అంశం వెతుక్కుంటున్న రోజుల్లో ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఆ నీలిమంట మసకబారుతున్నదని, తన చూపు తప్పితే పోయేది పదిమంది ప్రాణమని, ఎవరూ అడగకముందే ఆ పని వదిలి బాయి పైన చేసే పనికి మారాడు. ఆ సంగతి, మేం అవ్వ అని పిలిచే అమ్మతో మెల్లగా చెబుతుంటే విన్నాను. నా అంశం నాకు దొరికింది.

తగరపు క్లోరైడును స్పిరిటులో కరిగించి, బాగా కాగిన ఇనుప పలక మీద గాజుముక్కను ఉంచి, దాని మీద తుంపరగా చల్లితే ఆక్సైడు పొర అంటుకుంటుంది. గ్యాసు తగిలితే ఆ పొరలో కరెంటు సులువుగా పారి మీటరులో ముల్లు కదులుతుంది. పొరలో రేణువులు ఎంత సన్నగా ఉంటే అంత బాగా పసిగడుతుంది. ఇప్పుడు దానికి నానో అని పేరు, మాకప్పుడు ఆ మాట ఇంకా అలవాటు కాలేదు. చెప్పడానికి ఇంతే గాని, గాజుగొట్టానికి, పిండితే గాలి ఊదే రబ్బరు బుంగ తగిలించి నేను చల్లిన పొరలన్నీ పాలలా తెల్లబడి, వేలితో తాకితే సున్నంలా రాలిపోయేవి. అలా ఏడాది గడిచింది. నా పరిశోధనకు గైడుగా ఉన్న మా సారు కోప్పడే మనిషి కాదు గాని, ఎండాకాలం సెలవుల్లోపు ఒక్క పలకైనా పనిచెయ్యకపోతే అంశం మార్చుకుందామన్నారు.

ఆ వారమే నిర్మల్ వెళ్ళాను. అక్కడ మా మేనమామ కొయ్యబొమ్మలకు రంగులేసేవాడు. ఒక బొమ్మకు పలుచగా ఒక పూత వేసి పక్కన పెట్టి, మరో బొమ్మ అందుకుంటున్నాడు. ఒక్కసారే మందంగా వేస్తే పని తొందరగా అయిపోదా అని అడిగాను.

"అడుగు పొర ఆరకముందె మీద ఏస్తె పొక్కి లేస్తది కోడలా. దానికి జర టైమియ్యాలె."

ఆగకుండా చల్లి చల్లి నేను గాజును చల్లార్చేస్తున్నాను! కరీంనగర్ వచ్చి, మూడు లెక్కపెట్టేంతసేపు చల్లి, గాజు మళ్ళీ వేడెక్కేదాకా ఆగి, మళ్ళీ చల్లాను. ఇరవయ్యో పూతకు గాజు మీద లేత ఊదారంగు, ఆపైన వాన నీళ్ళ మీద నూనె తేలినట్టు గులాబీ మెరుపు వచ్చింది. వేలితో గట్టిగా రుద్దాను. రాలలేదు.

పరీక్షించడానికి గ్యాసు ఎక్కడిది? బాయిలో ఉండే గ్యాసే గోబర్ గ్యాసులోనూ ఉంటుంది. పక్క ఊళ్ళో ఒక రైతు గోబర్ గ్యాసును ఫుట్‌బాల్ బ్లాడరులో నింపి ఇస్తే, దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాను. నా పక్క సీట్లో కరీంనగర్ దాకా ఎవరూ కూర్చోలేదు.

బాపును ల్యాబుకు పిలిపించి, సారు ముందే నా గాజుపలకను మీటరుకు తగిలించి ఒక జాడీలో ఉంచాను. జాడీలోకి గ్యాసు వదలగానే ముల్లు సర్రున లేచింది, మూత తీస్తే నెమ్మదిగా దిగింది. బాపు మళ్ళీ వదలమన్నాడు, మళ్ళీ లేచింది. అప్పుడు వంగి, జాడీలోకి తన ఊపిరి ఊదాడు. అది అబద్ధమాడుతుందేమోనని సర్దారు అనుమానం! ముల్లు కొద్దిగా ఊగి, పైకి లేవకుండా ఉన్నచోటే నిలిచింది.

"ఊపిరికి, గ్యాసుకు ఫరక్ దెల్సు దీనికి," అన్నాడు సారు వైపు తిరిగి. తర్వాత నాతో, "నా కండ్లకంటె నీ గాజు నయమున్నది బిడ్డా."

నా పలక ఏ బాయిలోకీ దిగలేదు. ఒక థీసిస్ అయింది, అంతే. అయినా ఆ రోజు నడిచినంత నిటారుగా నేను మళ్ళీ ఎన్నడూ నడవలేదు.

ఇప్పుడు ఆ ల్యాబులో పొర మందాన్ని యంత్రమే తెర మీద చూపిస్తుంది. పిల్లలు మాకంటే నిక్కమైన పని చేస్తున్నారు, సంతోషమే. కాని వాళ్ళ పొర మంచిదో కాదో తేల్చి చెప్పడానికి, దాని మీద ప్రాణం పెట్టి బతకవలసిన మనిషి వాళ్ళ బల్ల ముందుకు ఎప్పుడైనా వచ్చి నిలబడతాడో లేదో మరి.