తొడాదే అంటే తుడిచాను

నవ్వనని మాటిస్తేనే చెప్తాను. సింగపూర్ క్లెమెంటీలో నేను అద్దెకుండే ఇంట్లో పోయిన నెల బంగారం పోయింది. తాళం పగల్లేదు, దొంగ రాలేదు. పోగొట్టింది నేనే. అదీ చింతపండుతో!

మా ఓనరు మంగమ్మ ఆంటీ మలేసియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ. మాట్లాడేది తెలుగే, కాకపోతే అందులో సగం తమిళం, చిటికెడు మలాయ్. అర్థంకాని చోటల్లా నేను తలూపేస్తుంటాను. ఆ తలూపుడే నా కొంప ముంచింది.

హాల్లో ఆవిడకో నిలువెత్తు అద్దముంది. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన పాతకాలపుది. వాళ్ళ నాన్నగారు ఎస్టేటులో ఓ దొరగారి కారు నడిపేవారట. దొర దేశం వదిలి వెళ్ళిపోతూ ఈ అద్దం ఆయనకిచ్చాడట. "మా నాయిన గురుతని నాకు మిగిలింది ఇదొక్కటేరా ప్రసాదూ" అంటుంది. రోజూ పొద్దున్న దాని ముందే బొట్టు పెట్టుకుంటుంది. గాజులో నల్లమచ్చలు, ఫ్రేము నిండా పూలు, పూల సందుల్లో ఏనాటిదో మురికి. పాత అద్దాలు బాగుచేసే చైనీస్ అంకుల్ ఒకాయన శనివారం వచ్చి చూస్తానన్నాడు. ఈలోగా ఆంటీ చెల్లెల్ని చూడ్డానికి మలేసియాలో ఇపో అనే ఊరు వెళ్ళింది.

శుక్రవారం సైన్స్ పార్క్‌లో నేను పీకల్దాకా పనిలో ఉన్నాను. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని మా ఆఫీసంతా బగ్గుల వేట! సరిగ్గా అప్పుడే ఆంటీ ఫోను. లైన్లో ఒకటే గరగర.

"ప్రసాదూ! రేపు అంకుల్ వస్తాడు కదా, అద్దం..."

"వినపడట్లేదాంటీ!"

"అద్దం! తొడాదే! తొడాదే!"

నాకేమో "తుడు, అదే! తుడు, అదే!" అని వినపడింది. పరాయివాడొచ్చే వేళకి అద్దం శుభ్రంగా ఉండాలని కాబోలు! రెండుసార్లు చెప్పిందంటే గట్టిగా తుడవమనే కదా?

"అలాగే ఆంటీ! తళతళలాడించేస్తా!"

ఆవిడ ఏదో అరిచింది. లైను కట్టయింది.

శనివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి రంగంలోకి దిగాను. గాజు ఐదు నిమిషాల పని. మచ్చలు పోలేదు, అవి లోపలివి. పోనీలెమ్మని ఫ్రేము మీద పడ్డాను. పసుప్పచ్చగా, మాసిపోయి ఉంది. ఇంకేముంది, ఇత్తడి! తెనాల్లో మా అమ్మమ్మ ఇత్తడి బిందెలు దేంతో తోమేది? ఆంటీ వంటింట్లో చింతపండుకి కొదవేమిటి? నానబెట్టి, గుప్పెడు ఉప్పు వేసి, కింద ఎడమ మూల మొదలుపెట్టాను.

రెండు రుద్దులకే ఎర్రగా వచ్చింది. ఆహా, తుప్పు! ఇంకా రుద్దాను. ఎరుపు పోయి తెలుపొచ్చింది. ఇదేం ఇత్తడిరా బాబూ, ఊసరవెల్లిలా రంగులు మారుస్తోంది! ఒక పువ్వయింది, రెండో పువ్వయింది. మూడో పువ్వు రేకు ఊడి నా చేతిలోకొచ్చింది. చూస్తే సుద్దముక్క! ఫ్రేము వెలవెలబోతోంది, బకెట్లో చింతపండు నీళ్ళు మాత్రం తళతళలాడుతున్నాయి.

టింగ్‌మని బెల్లు. తలుపు తీస్తే చైనీస్ అంకుల్, ఆయన వెనకే బస్సు దిగి బ్యాగుతో ఆంటీ.

అంకుల్ వంగి ఆ మూల చూశాడు. ముక్కు దగ్గరపెట్టి వాసన చూశాడు.

"అయ్యో! వై గాట్ రసం స్మెల్?"

చెప్పాను. ఆయన నెత్తి కొట్టుకుని, మాట చివర సింగపూర్ వాళ్ళ "లా" తగిలించి అన్నాడు, "దిస్ వన్ రియల్ గోల్డ్ లా!" చెక్క మీద సుద్ద, సుద్ద మీద ఎర్రమట్టి, దాని మీద ఊపిరికి ఎగిరేంత పల్చని బంగారు రేకు. దాన్ని నీళ్ళతోనే అతికిస్తారట. "వాటర్ గివ్, వాటర్ టేక్!" అన్నాడు. మెరిసేదంతా బంగారం కాదంటారు. నిజం బంగారాన్ని ఇత్తడనుకుని తోమినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆంటీ కేకలేస్తే బాగుండేది. ఆ మూల ముందు కూలబడి తెల్లబోయిన పువ్వుని నిమిరింది. "ఫోన్ చేసి మరీ చెప్పినాను కదరా, తొడాదే అని!"

"తుడిచాను కదాంటీ!"

"తొడాదే అంటే తమిళంలో ముట్టుకోవద్దనిరా, పాపిష్టోడా!"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నిజం చెప్తున్నా, సిగ్గుతో చచ్చిపోయాను. "ఇది ముందటి మాదిరి అయితే ఉండు. కాలేదా, నీ పెట్టె సర్దుకో" అంది.

బాగుచేయొచ్చన్నాడు అంకుల్. కానీ చెడగొట్టినవాడే చేయి వేయాలని షరతు. మూడు ఆదివారాలు ఆయన షాపులో చాకిరీ చేశాను. గాలికి రేకు ఎగిరిపోతుందని ఫ్యాను ఆపేశాడు. సింగపూర్ ఎండలో ఫ్యాను లేకుండా! తుమ్మొస్తే వీధిలోకి పరుగు.

రేకుని చేత్తో పట్టుకోకూడదు. వెడల్పాటి కుంచెని చెంపకి రాసుకుంటే, ఆ కాస్త జిడ్డుకి రేకు అతుక్కుని లేస్తుంది. పాపం అంకుల్ చెంప పొడిబారిపోయింది, ఎంత రాసినా రేకు లేవదు. విసుగెత్తి కుంచె నా చెంపకి రాశాడు. చటుక్కున లేచింది!

"వా! యువర్ ఫేస్ వెరీ గుడ్ లా! సో ఆయిలీ!"

చిన్నప్పట్నుంచీ మా అమ్మ "ఆ జిడ్డు మొహం కడుక్కోరా" అని తిట్టని రోజు లేదు. సింగపూర్‌లో ఆ జిడ్డుకే గిరాకీ వచ్చింది. ఇక సాయంత్రం దాకా నా చెంప మీదే కుంచె!

నిన్న అద్దం ఇంటికొచ్చింది. ఆంటీ బొట్టు పెట్టుకుంటూ ఆ మూల వంక చాలాసేపు చూసింది. పెట్టె సంగతి ఎత్తలేదు. "అన్నం తిన్నావా?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం ఎదురింటి ఆంటీ వచ్చి, "ఆ మూల భలే మెరుస్తోందే!" అంది.

"అది మా ప్రసాదు మొహం" అంది మంగమ్మ ఆంటీ.

అందరి మొహాలూ అద్దంలో కనపడతాయి. నా మొహం మాత్రం ఫ్రేముకి అంటుకుంది!